మొండి పులిపిర్లకు వైరస్ నిరోధక సూదిమందు: తొందర వద్దు, నిర్లక్ష్యమూ వద్దు

పిల్లల చదువు గురించి మాట్లాడటానికి మదరసాకు వచ్చే తల్లిదండ్రులు ఈ మధ్య మమ్మల్ని చదువుతో సంబంధం లేని ఒక ప్రశ్న కూడా అడుగుతున్నారు. “హజ్రత్, మా అబ్బాయి అరికాలి పులిపిరి ఎన్ని మందులు రాసినా పోవడం లేదు. వైరస్‌ను చంపే మందును పులిపిరిలోకే సూదితో ఎక్కిస్తామని డాక్టరు గారు అంటున్నారు. ఎక్కించవచ్చునా? రోజాలో ఉన్నప్పుడు ఎక్కిస్తే ఎలా? ఆ తరువాత వుజూ సంగతేమిటి?” ఈ ప్రశ్నలో సగం వైద్యుడు చెప్పవలసినది, సగం ఆలిమ్ చెప్పవలసినది. రెండు సగాలూ కలిపి చెప్పేవారు లేక కుటుంబాలు తికమకపడుతున్నాయి.

మేము వైద్యులము కాము. అయితే వసతి మదరసాలో వందలాది పిల్లల పాదాలను, చేతులను ఏళ్ళ తరబడి చూస్తున్నవారము. మా విద్యార్థుల కోసం చర్మవైద్యులను అడిగి, చదివి తెలుసుకున్న విషయాలను ఇక్కడ పాఠకుల ముందు ఉంచుతున్నాము. సారాంశం ముందే చెబుతాము. పులిపిరిలోకి వైరస్ నిరోధక మందును ఎక్కించడం వైద్యులు నిజంగా చేస్తున్న చికిత్సే, బూటకం కాదు. కాని అది మొదటి మెట్టు కాదు, మంత్రదండమూ కాదు. కింది మెట్లు సరిగా ఎక్కిన తరువాతే, విషయం పూర్తిగా తెలుసుకున్న తరువాతే ఆ మెట్టు మీద కాలు పెట్టాలి.

పులిపిరి అంటే ఏమిటి?

తెలుగులో పులిపిరి అనీ, ఉలిపిరికాయ అనీ, మన ఇళ్ళలో ఉర్దూలో మస్సా అనీ పిలిచే ఈ చర్మవ్యాధి కొత్తది కాదు. అరబీ వైద్యగ్రంథాలు దీనిని సూలూల్ అన్నాయి. ఇబ్నె సీనా తన ‘అల్ ఖానూన్’లో దీనిని ప్రస్తావించాడు. అయినా జనంలో అపోహలు పోలేదు. దిష్టి తగిలిందని, కప్పను ముట్టుకుంటే వచ్చిందని, తల్లి చేసిన తప్పుకు బిడ్డ మీద తేలిందని అనేవారు నేటికీ ఉన్నారు.

ఇందులో ఒక్కటీ నిజం కాదు. 1907లో ఇటలీ వైద్యుడు చ్యుఫో పులిపిరి రసాన్ని బాక్టీరియా సైతం దాటలేనంత సన్నని జల్లెడతో వడగట్టి, ఆ వడగట్టిన ద్రవంతోనే కొత్త పులిపిరి పుట్టించి చూపాడు. దీనికి కారణం బాక్టీరియా కంటే చిన్నదైన వైరస్ అని అప్పుడే తేలింది. నేడు దానిని హ్యూమన్ పాపిలోమా వైరస్ అంటున్నారు. ఇందులో 200కు పైగా రకాలున్నాయి. చేతుల మీద, పాదాల మీద పులిపిర్లు కలిగించే రకాలు వేరు, స్త్రీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే రకాలు వేరు. ఈ రెండవ సంగతిని కనుగొన్న జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించింది. కనుక బిడ్డ వేలి మీద పులిపిరి చూసి క్యాన్సరేమోనని తల్లి గుండెలు బాదుకోనవసరం లేదు.

ఈ వైరస్ చర్మంలోని అతి సన్నని చీలికల గుండా లోపలికి వెళ్ళి, చర్మపు అట్టడుగు పొరలోని కణాలలో స్థిరపడుతుంది. రక్తంలోకి పోదు. కణాలను పగలగొట్టదు, వాపు పుట్టించదు. అందువల్ల శరీరంలోని రక్షకభటులకు శత్రువు ఇంట్లో ఉన్న సంగతి చాలాకాలం తెలియదు. వైరస్ సోకిన తరువాత పులిపిరి కంటికి కనబడటానికి వారాలు, ఒక్కొక్కసారి నెలలు పడుతుంది. మందు రాస్తే పైన కనబడే గడ్డ పోయినా, చుట్టుపక్కల చర్మంలో దాగిన వైరస్ మళ్ళీ తల ఎత్తుతుంది. పులిపిరి మొండితనానికి మూలం ఇదే.

అరికాలి గట్టితనమంతా పులిపిరి కాదు. చెప్పు ఒరుసుకుని వచ్చేది ఆనెకాయ. దాని మీద నిటారుగా నొక్కితే నొప్పి ఎక్కువ. పులిపిరిని రెండు పక్కల నుంచి గిల్లినట్లు నొక్కితే నొప్పి ఎక్కువ. పులిపిరి పైపొరను వైద్యుడు గీకినప్పుడు నల్లని చుక్కలు కనిపిస్తాయి. జనం వాటిని విత్తనాలు, వేళ్ళు అంటారు. నిజానికి అవి రక్తం గడ్డకట్టిన సూక్ష్మనాళాలు. వాటిని సూదితో పెకలిస్తే పులిపిరి పోదు, పుండు మాత్రం మిగులుతుంది.

మొదటి మెట్లు

పిల్లలలో వచ్చే పులిపిర్లలో దాదాపు మూడింట రెండు వంతులు ఏ మందూ లేకుండానే రెండేళ్ళలోపు పోతాయి. శరీరం ఆలస్యంగానైనా శత్రువును గుర్తిస్తుంది. అందుచేత నొప్పి లేని, వ్యాపించని ఒకటి రెండు పులిపిర్లను కొంతకాలం వదిలివేయడం కూడా వైద్యమే. తావీజు కట్టగానే పులిపిరి పోయిందని ప్రచారం పొందేవారి ఖ్యాతి వెనుక ఉన్నది ఈ సహజ నివారణే. శరీరానికి అల్లాహ్ ప్రసాదించిన శక్తి చేసిన పనికి మరెవరో సొమ్ము పుచ్చుకుంటారు.

నడవడానికి, పని చేసుకోవడానికి అడ్డు వచ్చే పులిపిరికి మొదటి మందు సాలిసిలిక్ ఆమ్లం. ఇది సాధారణంగా లాక్టిక్ ఆమ్లంతో కలిసి, చర్మం మీద ఆరిపోయి పొరలా అంటుకునే ద్రవంగా దొరుకుతుంది. గోరువెచ్చని నీటిలో అయిదు నిమిషాలు నానబెట్టి, మెత్తబడిన పైపొరను ఆకురాయితో మెల్లగా గీకి, పులిపిరి మీద మాత్రమే రాయాలి. ప్రతిరోజూ, పన్నెండు వారాల పాటు రాయాలి. ముఖం మీద రాయరాదు. మధుమేహం ఉన్నవారు పాదాలకు వైద్యుని అడగనిదే రాయరాదు. రెండవ మెట్టు ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించడం. సున్నాకు 196 డిగ్రీలు దిగువన ఉండే ఆ చల్లదనం పులిపిరి కణాలను చంపుతుంది. రెండు మూడు వారాలకొకసారి, పలుమార్లు చేయవలసి ఉంటుంది.

ఇక్కడ మా అనుభవంలోని ఒక సంగతి చెప్పాలి. హిఫ్జ్ తరగతిలో చదివే పద్నాలుగేళ్ళ అబ్బాయి ఒకడు నమాజులో ఒక కాలి మీదే బరువు వేసి నిలబడటం గమనించి విచారించాము. ఎడమ పాదం అడుగున మూడు పులిపిర్లున్నాయి. మడమ మీద ఉన్నది రూపాయి నాణెమంత ఉంది. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఎవరో బ్లేడుతో కోసి, అగరుబత్తితో కాల్చారు. పుండు మానింది, పులిపిరి మరింత వెడల్పయింది. తోటి పిల్లలలో కొందరు అతనితో ఒకే పళ్ళెంలో తినడం మానివేశారు. ఆ పిల్లవాడు రాత్రిపూట కూడా మేజోళ్ళు విప్పేవాడు కాడు. ఖుర్ఆన్ పాఠం అప్పగించడానికి గంటసేపు కూర్చోగలడు గాని, తరావీహ్‌లో ఇమామ్ వెనుక నిలబడలేనని కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

అతని తండ్రి ఆటో నడుపుతాడు. పట్నంలో ఒక క్లినిక్‌లో “ఒక్క సూదితో పోతుంది” అని చెప్పి ముందుగానే కొంత సొమ్ము కట్టించుకున్నారు. ఏ మందు ఎక్కిస్తారో చెప్పలేదు, చీటీ రాసివ్వలేదు. మేము ఆయనను కూర్చోబెట్టి, “బాబాయ్, పేరు తెలియని మందును బిడ్డ ఒంట్లోకి పోనివ్వకండి. ముందు ప్రభుత్వ ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో చూపిద్దాము” అన్నాము. అక్కడి వైద్యురాలు అడిగిన మొదటి ప్రశ్న: “ఇంతవరకు ఏ మందు, ఎన్నాళ్ళు వాడారు?” లెక్క తీస్తే సాలిసిలిక్ ఆమ్లం ఎప్పుడూ వరుసగా పదిరోజులకు మించి రాయలేదు. “ఇది మొండి పులిపిరి కాదు, మందు సరిగా పడని పులిపిరి” అన్నారామె. మూడు నెలలు క్రమం తప్పక రాయించాము. ఒక పెద్ద విద్యార్థికి ఆ బాధ్యత అప్పగించాము. రెండు చిన్నవి పోయాయి. మడమ మీది పెద్దది మాత్రం మిగిలింది. గడ్డకట్టించినా కదలలేదు. అప్పుడు వచ్చింది సూదిమందు మాట.

సూదిమందులు రెండు దారులు

సరైన చికిత్సలు తగినంత కాలం చేసినా పోనిదానినే వైద్యులు మొండి పులిపిరి అంటారు. దానిలోకి ఎక్కించే మందులు ప్రధానంగా రెండు దారులలో పనిచేస్తాయి.

మొదటి దారి శరీర రక్షణ శక్తిని నిద్ర లేపడం. పిల్లలకు వేసే తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా టీకా మందునే కొద్దిగా పులిపిరిలోకి ఎక్కిస్తారు. ఆ టీకాను శరీరం ఇదివరకే ఎరుగును గనుక రక్షకకణాలు అక్కడికి పరుగున వస్తాయి, వచ్చినప్పుడు దాగి ఉన్న పులిపిరి వైరస్‌ను కూడా పసిగడతాయి. ఒక పులిపిరిలో ఎక్కిస్తే దూరాన ఉన్నవి కూడా రాలిపోవడం ఈ పద్ధతిలోని విశేషం. మన దేశంలోని చర్మవైద్యులు దీనిని, విటమిన్ డి3 సూదిమందును విరివిగా వాడుతున్నారు. అయితే ఆ టీకాలో ఉండేది బలహీనపరచిన సజీవ వైరస్. గర్భిణులకు, రక్షణ శక్తి బాగా తగ్గినవారికి అది పనికిరాదు.

రెండవ దారి వైరస్ నిరోధక మందు. ఇందులో రెండు పేర్లు వినిపిస్తాయి: ఎసైక్లోవిర్, సిడోఫోవిర్.

ఎసైక్లోవిర్‌ను అమెరికాలో గెర్‌ట్రూడ్ ఎలియన్ బృందం వెలికి తెచ్చింది. మందుల తయారీకి కొత్త మార్గాలు చూపినందుకు ఆమె 1988లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. ఇది హెర్పిస్ వైరస్‌కు మందు. పెదవి మీద లేచే పొక్కులకు, సర్పి వ్యాధికి, మెదడువాపు రకాలలో ఒకదానికి ఇదే ఆధారం. ఇది పనిచేసే తీరు విచిత్రం. మందు తనంతట నిద్రాణంగా ఉంటుంది. హెర్పిస్ వైరస్ తన సొంత ఎంజైముతో దానిని మేల్కొలిపి, దాని చేతిలోనే నశిస్తుంది. పులిపిరి వైరస్‌కు ఆ ఎంజైము లేదు. అందుచేత ‘వైరస్ మందే కదా’ అని మందుల దుకాణంలో ఎసైక్లోవిర్ పూతమందు కొని పులిపిరికి రాసేవారు డబ్బు వృథా చేసుకుంటున్నారు. ఒక తాళంచెవి అన్ని తాళాలకూ పట్టదు.

మరి సూదితో ఎందుకు ఎక్కిస్తున్నారు? గాఢమైన ద్రావణాన్ని నేరుగా పులిపిరి మధ్యలోకి పంపితే ఏమవుతుందో ఈజిప్టులోని చర్మవైద్యులు పరీక్షించారు. కొందరికి మందు, కొందరికి ఉత్త ఉప్పునీరు ఎక్కించి పోల్చారు. మందు తీసుకున్నవారిలో మేలు ఎక్కువ కనబడింది. ఇది ఆశ కలిగించే విషయం. అయితే ఆ పరిశోధనలలో పాల్గొన్నవారు కొన్ని పదులమందే. పైగా ఎసైక్లోవిర్ సూదిమందు సున్నపునీటి వలె క్షారగుణం బాగా ఎక్కువగా ఉన్న ద్రావణం. అది కణజాలాన్ని స్వయంగా దెబ్బతీయగలదు. సూదిపోటు కూడా కొంత పని చేస్తుంది. పులిపిరిని పదేపదే సూదితో పొడిచి శరీర రక్షణను అక్కడికి రప్పించే చికిత్స వైద్యంలో విడిగా ఉంది. కనుక పోయిన పులిపిరి వైరస్ నిరోధక గుణం వల్ల పోయిందా, మంట వల్ల పోయిందా, పోటు వల్ల పోయిందా అన్నది వైద్యలోకంలో ఇంకా తేలవలసిన ప్రశ్న.

సిడోఫోవిర్ కథ వేరు. ప్రాగ్ నగరంలో రసాయన శాస్త్రవేత్త ఆంటొనీన్ హోలీ, బెల్జియంలోని లూవెన్‌లో వైద్యశాస్త్రవేత్త ఎరిక్ డి క్లెర్క్ కలిసి సాగించిన కృషి ఫలితమిది. వీరి కృషి నుంచే నేడు హెచ్ఐవి రోగులు వాడే టెనోఫోవిర్ కూడా వచ్చింది. ఎయిడ్స్ రోగులలో కంటిచూపును హరించే ఒక వైరస్ వ్యాధికి సిడోఫోవిర్‌ను 1996లో అమెరికా అనుమతించింది. ఇది మేల్కొనడానికి వైరస్ ఎంజైము అక్కరలేదు. అందువల్ల పులిపిరి మీద పనిచేసే అవకాశం ఎక్కువ. పిల్లల స్వరపేటికలో పులిపిరుల వంటి గడ్డలు పెరిగి, గొంతు బొంగురుపోయి, ఊపిరి ఆడక పదేపదే శస్త్రచికిత్స జరిగే ఒక వ్యాధి ఉంది. దానికీ కారణం పాపిలోమా వైరస్సే. అటువంటి గడ్డలను తొలగించిన చోట ఈ మందును ఎక్కించడం 1990ల చివరి నుంచి జరుగుతున్నది. ఇటలీ చర్మవైద్యులు మొండి పులిపిర్లలోకి ఎక్కించి మంచి ఫలితాలు ప్రకటించారు. కాని ఉప్పునీటితో పోల్చి చూసిన పరిశోధన కాదది.

ఈ మందుకు రెండవ ముఖమూ ఉంది. నరం ద్వారా ఎక్కించినప్పుడు సిడోఫోవిర్ మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. జంతువులలో క్యాన్సర్ కలిగించినట్లు, గర్భస్థ శిశువుకు హాని చేసినట్లు పరీక్షలలో తేలింది. పులిపిరిలోకి వెళ్ళే మోతాదు చాలా తక్కువే. అయినా గర్భిణులకు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి ఇది తగదు. ఖరీదు కూడా ఎక్కువ, వీధిచివర దుకాణంలో దొరికేది కాదు. కనుక “సిడోఫోవిర్ ఎక్కిస్తాము” అని ఎవరైనా చవకగా చెబితే సీసా మీద పేరు చదవమని మా సలహా.

సూదికి ముందు అడగవలసినవి

పైన చెప్పిన రెండు మందులకూ పులిపిరి కోసమని అనుమతి లేదు. వేరే జబ్బుకు అనుమతి పొందిన మందును వైద్యుడు తన విచక్షణతో ఇక్కడ వాడుతున్నాడు. వైద్యంలో ఇది అరుదు కాదు, దోషమూ కాదు. కాని ఆ సంగతి రోగికి చెప్పి చేయడం అమానత్, దాచి చేయడం ఖియానత్. దైవప్రవక్త (స) చికిత్స పొందమని తన సహచరులకు బోధించారు. వైద్యం తెలియకుండానే వైద్యునిగా మెలగినవాడు జరిగిన హానికి బాధ్యుడని కూడా బోధించారు. ఈ రెండు బోధనలను విడదీయరాదు. చికిత్స పొందడం మన విధి అయితే, ఎవరి చేతికి ఒళ్ళు అప్పగిస్తున్నామో విచారించడమూ మన విధే.

కుటుంబ పెద్దలు సంకోచం లేకుండా ఈ ప్రశ్నలు అడగాలి.

ఇది పులిపిరే అని ఖాయమా? పెద్ద వయసులో వచ్చి, రక్తం కారుతూ, త్వరగా పెరిగే గడ్డ పులిపిరిలా కనిపించే చర్మ క్యాన్సర్ కావచ్చును. అప్పుడు ముక్క తీసి పరీక్షించాలి.

మందు పేరేమిటి? చీటీ మీద రాసి ఇవ్వగలరా?

ఇంతకంటే సులభమైన చికిత్సలు సరిగా, తగినంత కాలం చేశామా?

ఎన్నిసార్లు ఎక్కించాలి? ఎన్నిసార్లకు ఫలితం లేకపోతే ఆపివేస్తారు?

నొప్పి ఎంత? ఎసైక్లోవిర్ ఎక్కించినప్పుడు నొప్పి, మంట గట్టిగానే ఉంటాయి, కొందరికి బొబ్బలు లేస్తాయి. అరికాలు, వేలి చివర మరీ సున్నితం. తిమ్మిరి మందు ఇస్తారా?

మా బిడ్డకు ఉన్న ఇతర జబ్బులు, వాడుతున్న మందులు చూశారా? ఒంటినిండా పులిపిర్లు లేస్తూ ఎంతకీ తగ్గకపోతే రక్షణ శక్తి ఎందుకు తగ్గిందో తెలుసుకోవడానికి రక్తపరీక్ష చేయవలసి రావచ్చును. దానిని అవమానంగా భావించరాదు.

మొత్తం ఖర్చెంత?

ఈ ప్రశ్నలకు విసుక్కునే వైద్యుని దగ్గర నుంచి లేచి రావచ్చును. మంచి వైద్యులు విసుక్కోరు. మా విద్యార్థిని చూసిన వైద్యురాలు ఎసైక్లోవిర్ గురించి అతని తండ్రికి అరగంట చెప్పారు. “పోతుందని హామీ ఇవ్వను, పోయే అవకాశం ఉంది, నొప్పి మాత్రం తప్పదు” అన్నారు. తండ్రి కొడుకు వైపు తిరిగి, “నీ కాలు, నువ్వే చెప్పు బేటా” అన్నాడు. అబ్బాయి ఒప్పుకున్నాడు. మొదటి సూదికి పెదవి కొరుక్కుని కళ్ళు మూసుకున్నాడు. రెండు రోజులు కుంటాడు. మూడవసారి తరువాత మడమ మీది గడ్డ చదునై, చర్మపు గీతలు తిరిగి కనబడసాగాయి. పూర్తిగా పోయిందన్న మాట వైద్యురాలు ఇంకా అనలేదు. రెండు కాళ్ళ మీద నిలబడి నమాజు చేస్తున్నాడన్నది మాత్రం మేము రోజూ చూస్తున్నాము. అల్‌హమ్దులిల్లాహ్.

వుజూ, నమాజు, రోజా

పులిపిరి ఒంటి చర్మంలో భాగమే. వుజూలో దాని మీదుగా నీరు పారితే చాలు, దానిని గీకి కింద తడపనక్కరలేదు. సాలిసిలిక్ ఆమ్లం ద్రవం మాత్రం ఆరిన తరువాత నీరు చొరనివ్వని పొరగా మిగులుతుంది. వుజూలో కడగవలసిన అవయవం మీద అటువంటి పొర ఉంటే తొలగించాలి. దీనికి సులభమైన ఏర్పాటు ఉంది. ఇషా నమాజు ముగిశాక మందు రాసి పడుకోవాలి. ఫజ్ర్‌కు ముందు గోరువెచ్చని నీటిలో నానబెట్టి ఆ పొరను తీసివేసి వుజూ చేయాలి. ధర్మమూ నెరవేరుతుంది, మందుకు రాత్రంతా సమయమూ దొరుకుతుంది. మా విద్యార్థుల చేత ఇలాగే చేయించాము.

సూది వేసిన చోట కట్టు కట్టి, తడపవద్దని వైద్యుడు చెబితే, కట్టు మీద తడిచేతితో మసహ్ చేయాలి, మిగతా అవయవాన్ని కడగాలి. హనఫీ ఫిఖ్ ప్రకారం రక్తం గాయం దాటి పారితే వుజూ భంగమవుతుంది. సూది మొన దగ్గర మెరిసి అక్కడే నిలిచిన చుక్క వల్ల కాదు. షాఫయీ ఫిఖ్‌లో గాయపు రక్తంతో వుజూ భంగం కాదు. నిలబడితే నొప్పి భరించలేనంతగా ఉంటే కూర్చుని నమాజు చేసే వెసులుబాటు రోగికి ఉంది. పిల్లవాడు సిగ్గుపడి నొప్పిని దిగమింగకుండా ఈ మాట పెద్దలే ముందుగా చెప్పాలి.

రోజా సంగతి. 1997లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ, పోషకద్రవాలు తప్ప, చర్మం, కండరం, రక్తనాళం ద్వారా చికిత్స కోసం ఇచ్చే సూదిమందుల వల్ల ఉపవాసం భంగం కాదని నిర్ణయించింది. పులిపిరిలోకి ఎక్కించే సూది ఈ కోవలోకే వస్తుంది. అయినా ఈ చికిత్సకు అత్యవసరం లేదు. నొప్పికి మాత్ర వేసుకోవలసి రావచ్చును గనుక ఇఫ్తార్ తరువాతి సమయమో, రమజాను తరువాతి వారమో ఎంచుకోవడం సుఖం.

స్త్రీలకు ఒక మాట. మర్మస్థానాల వద్ద లేచే పులిపిర్లను సిగ్గుతో దాచిపెట్టి ముదరబెట్టవద్దు. అవి వేరే రకం వైరస్ వల్ల వస్తాయి. చేతులకు, కాళ్ళకు రాసే ఆమ్లాన్ని అక్కడ ఎంతమాత్రం రాయరాదు. వైద్యురాలిని కలవండి. భర్తలు ఈ విషయంలో నిందకు కాక తోడుకు నిలవాలి.

ఇంట్లో, మదరసాలో

చికిత్స ఎంత గొప్పదైనా వ్యాప్తిని ఆపకపోతే పులిపిరి ఒక కాలి నుంచి మరొక కాలికి తిరుగుతూనే ఉంటుంది. వుజూఖానాలోని తడి నేల మీద చెప్పులు లేని పాదాలు వరుసగా నడుస్తాయి. నానిన చర్మంలోకి వైరస్ తేలికగా చొరబడుతుంది. అందుకని మా వద్ద మూడు ఏర్పాట్లు చేశాము. వుజూఖానాలో ప్రతి విద్యార్థికి తన సొంత రబ్బరు చెప్పులు. పాదాలు తుడుచుకోవడానికి ఎవరి తువ్వాలు వారిదే. నేలను రోజూ కడిగి ఆరబెట్టడం. పులిపిరి ఉన్నవాడు దాని మీద ప్లాస్టరు వేసుకుని తిరుగుతాడు, వుజూకు తీసివేస్తాడు.

ఇళ్ళలో కూడా ఇవే వర్తిస్తాయి. గోళ్ళు కొరికే పిల్లలకు గోళ్ళ చుట్టూ పులిపిర్లు పాకుతాయి, ఆ అలవాటు మాన్పించండి. పులిపిరిని గీకిన ఆకురాయితో మంచి గోళ్ళను అరగదీయవద్దు. ముఖం మీద చదునుగా లేచే చిన్న పులిపిర్లు క్షౌరపు కత్తి గాట్ల వెంట గీతల్లా వ్యాపిస్తాయి. గడ్డం, మీసం దిద్దించుకునే యువకులు మంగలి షాపులో కొత్త బ్లేడు వేయమని అడగాలి.

ఒకే పళ్ళెంలో తినడం వల్ల, పక్కన నిలబడి నమాజు చేయడం వల్ల ఇది అంటుకోదు. చేతికి పులిపిరి ఉన్న సోదరుడు సలాముకు చేయి చాపితే, ముసాఫహా చేయకుండా వెనక్కి తీసుకునే మన చేయి అతనికి వ్యాధికంటే ఎక్కువ బాధ కలిగిస్తుంది. పులిపిరి ప్లాస్టరుతో కప్పి ఉంటే భయం ఇంకా తక్కువ. ఆ రోజు మా తరగతిలో ఈ సంగతి వివరించిన తరువాత, మధ్యాహ్న భోజనానికి మేమే ఆ అబ్బాయి పళ్ళెం దగ్గర కూర్చున్నాము. మరునాటి నుంచి పిల్లలు కూర్చున్నారు.

బిడ్డ పాదాన్ని ఈ రోజే ఒకసారి వెలుతురులో చూడండి. గడ్డ కనబడితే బ్లేడు, అగరుబత్తి, సున్నం జోలికి పోకండి. దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో చూపించండి. ఇచ్చిన మందును పన్నెండు వారాలు లెక్కపెట్టి రాయండి. అప్పటికీ పోకపోతే సూదిమందు గురించి పైన రాసిన ప్రశ్నలను ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి. స్వస్థత ప్రసాదించేవాడు అల్లాహ్. ఆయన ఉంచిన మందును సరైన చేతుల మీదుగా, సరైన సమయంలో అందుకోవడం మన వంతు.